ముడిపొడి

ఉతికిన చీర ఆరడం లేదని హనుమక్క ఫోన్ చేసినప్పుడు చౌడేశ్వరి సంతోషం పట్టలేక నవ్వేసింది.

"నిన్న పొద్దున ఆరేసినా మ్మా. ఇప్పుడు పిండినా నీళ్లు కారతాండాయి. ఎండ సూస్తే నెత్తి పగలగొడతాంది. ఇదేం ఇచిత్రం?"

"చెరువులో ఉతికినావా?"

"ఇంగ యాడ ఉతుకుతాం?"

"అయితే అది మన పొడి పనే హనుమక్కా. చెరువు ఎండగూడదంటే చీర కూడా ఎండదు. బోరు నీళ్లలో జాడించి ఆరెయ్యి, సరిపోతుంది."

ఫోన్ పెట్టేసి ఆమె కుర్చీలో కూర్చోలేకపోయింది. పదకొండేళ్ల పని. అనంతపురం ఊరి చివర, మెట్టభూముల పరిశోధన కేంద్రంలో, రెండు గదుల రసాయనశాలలో నడిచిన పని. ఇప్పుడు అది ఒక పల్లెటూరి తీగ మీద తడిచీరై వేలాడుతోంది. లేచి పక్కగదికి వెళ్లి సహాయకులకు చెప్పింది. తిరిగొచ్చి, మళ్లీ లేచి, డైరెక్టర్ పరాంకుశం గారికి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "జూన్‌లోగా నలభై చెరువులమ్మా. పైనుంచి అడుగుతున్నారు" అన్నారు.

నల్లకుంటపల్లె చెరువులో ముడిపొడి కలిపి అప్పటికి నాలుగు నెలలైంది. కిందటి నవంబరులో, చాలా ఏళ్ల తర్వాత చెరువు నిండిన వారంలో, చౌడేశ్వరి ఊరివాళ్లను కట్ట మీదికి పిలిచి విషయం చెప్పింది. చెరువు నీటిమట్టం రోజూ చూసి రాయడానికి కుదిరిన హనుమక్కనూ, ఆమె భర్త మారెన్ననూ ముందుకు రమ్మని, ఇద్దరి చిటికెనవేళ్లనూ ఒకదానికొకటి తగిలించింది.

"నీటి కణం లోపలి బంధం గట్టిది. దాన్ని ఎండ ఏమీ చేయలేదు. కానీ ఒక కణానికీ పక్క కణానికీ మధ్య ఉండేది ఇట్లాంటి చిటికెనవేలి పట్టు. హైడ్రోజన్ బంధం అంటాం. రెప్ప వేసేలోగా కోట్లసార్లు వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. వదిలిన సందు చూసుకుని పైనున్న కణం ఎగిరిపోతుంది. ఆవిరి అంటే అదే. మా పొడి ఆ వేళ్లను అంత తొందరగా వదలనీయదు. ముడి వేసి పెడుతుంది."

"మాకు పెండ్లయి ఇరవై ఆరేండ్లాయ," అన్నాడు మారెన్న. "ఈయమ్మ ఒక్కనాడు యేలు ఇడిచిపెట్టల్లేదు. మాకు పొడెందుకు మ్మా?"

కట్టంతా నవ్వింది. హనుమక్క అతని చేతి మీద ఒక్కటేసి వేలు లాక్కుంది.

ఎండాకాలంలో రోజుకొక సెంటీమీటరు తగ్గే చెరువు ఆ సంవత్సరం పది రోజులకు ఒక సెంటీమీటరు తగ్గింది. హనుమక్క రోజూ ఉదయం ఏడు గంటలకు కొలబద్ద చూసి అంకె పంపేది. అదే అంకె మళ్లీ మళ్లీ వచ్చేది. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో రెండో పంటకు నారు పోశారు. పక్క ఊళ్లవాళ్లు ట్రాక్టర్లెక్కి చెరువును చూడటానికి వచ్చారు.

ఏప్రిల్ మూడో ఆదివారం చౌడేశ్వరి నల్లకుంటపల్లెకు వెళ్లింది. నలభై నాలుగు డిగ్రీల ఎండ. జీపు దిగి హనుమక్క ఇంటి వసారాలో కూలబడితే, హనుమక్క మూలనున్న కుండలోంచి చెంబు నిండా నీళ్లు ముంచి ఇచ్చింది.

ఒక్క గుక్క తాగి చౌడేశ్వరి ఆగిపోయింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"ఎప్పుడు పోసిన నీళ్లు ఇవి?"

"రాత్రి పోసినా. కొత్త కుండే. ఈ యేడు ఏ కుండలోనూ నీళ్లు సల్లబడల్లేదు మ్మా. కుమ్మరోళ్లతో కొట్లాడినా గూడా, మట్టి సరిగా తొక్కల్లేదని."

"చెరువు నీళ్లా?"

"అయ్యో, చెరువు నీళ్లు తాగుతామా? బోరువి."

చౌడేశ్వరి చెంబు కింద పెట్టేసింది. కుండ చెమర్చి, ఆ తడి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. తడి ఆవిరి కాకపోతే అది ఎంత మంచి కుండైనా చల్లబరచదు. లేచి వెళ్లి కుండను తడిమింది. అంతా తడే. అడుగున మడుగు కట్టింది.

ఇలా జరగకూడదు. తాగునీటి బోరు చెరువుకట్టకు అర కిలోమీటరు అవతల ఉంది. మట్టిలో దిగేటప్పుడు పొడి మట్టికి అంటుకుని ఆగిపోతుందని వాళ్ల అంచనా. ఎర్రమట్టితో పరీక్షించారు. ఎర్రమట్టిలో ఆగింది కూడా.

అప్పుడే మారెన్న ఉపాధి హామీ పని నుంచి వచ్చాడు. నెత్తిన తువ్వాలు తీసి పిండితే ధారగా కారింది. ముఖం, మెడ, చేతులు నూనె పూసినట్టు మెరుస్తున్నాయి.

"ఏం సెమటో మ్మా ఇది. తుడిస్తే మళ్లా, తుడిస్తే మళ్లా. గాలి తగిలినా సల్లగుండదు. వొళ్లంతా పొయ్యి మాదిరి." గుమ్మంలో కూర్చుని కుండ వైపు చెయ్యి చాపాడు. "కుక్కలు గూడా సచ్చిపోతాండాయి. ఈ నెలలో ఏడు. నాలిక బయటేసుకుని రొప్పి రొప్పి పడిపోతాయి. ఎవుడో మందు పెట్టినాడని ఊరంతా తిడతాండారు."

హనుమక్క ఇచ్చిన చెంబెడు నీళ్లు అతను గటగటా తాగేశాడు. చౌడేశ్వరి చూస్తూ ఉంది. ఆగమని అనాలనుకుంది. నోటిదాకా వచ్చింది. ఇంకా తెలియదు కదా, పరీక్ష చేయకుండా ఊరిని బెదరగొడితే ఎట్లా, అనుకుంది. సీసా నిండా బోరు నీళ్లు పట్టుకుని జీపెక్కింది.

సోమవారం ఫలితం వచ్చింది. బోరు నీళ్లలో ముడిపొడి ఉంది. చాలా కొద్దిగా, లీటరుకు ఆవగింజలో పదో వంతు. కట్ట కింద పూడిపోయిన పాత వాగు తాలూకు ఇసుక పొర ఒకటుందనీ, అందులోంచి జారిందనీ మంగళవారం పటం తీసి చూస్తే తెలిసింది.

పరాంకుశం గారు కాగితం రెండుసార్లు చదివారు. "దీనికి వంద రెట్లు ఎలుకలకు తాగించాం. ఏడాది పాటు. ఒక్కటీ చావలేదు."

"సార్, ఎలుకలకు చెమట పట్టదు."

ఆయన తలెత్తి చూశారు.

"పైగా మన ఎలుకలను ఎక్కడ ఉంచాం? ఇరవై రెండు డిగ్రీల ఏసీ గదిలో. వాటికి ఒళ్లు చల్లబరచుకోవాల్సిన అవసరమే రాలేదు. మనం విషం కోసం వెతికాం సార్. ఇది విషం కాదు. రక్తాన్ని, కాలేయాన్ని ఏమీ చేయదు. ఒంట్లో చేరి, చెమటతో బయటికొచ్చి, చర్మం మీద కూర్చుంటుంది. చెమట ఎగరదు. ఎగరకపోతే..."

"ఇదంతా నీ ఊహ."

"ఊహే."

"ఊహ మీద నలభై చెరువులు ఆపమంటావా? ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో చెరువులు ఎండటం చూస్తున్నాను తల్లీ. ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో నాకు తెలుసు. రుజువు తీసుకురా. తెస్తే నేనే ఆపుతా."

ఆయన అన్నది అన్యాయంగా అనిపించలేదు. అదే ఆమెను తొలిచేసింది. రుజువు కావాలి. మనుషుల మీద పరీక్షకు అనుమతి రావాలంటే నెలలు. అనుమతి అక్కరలేని మనిషి ఒక్కతే ఉంది.

బుధవారం నుంచి చౌడేశ్వరి ముడిపొడి కలిపిన నీళ్లు తాగడం మొదలుపెట్టింది. బోరులో ఉన్నదానికి పదింతలు. రెండు రోజులు తాగి, శుక్రవారం మధ్యాహ్నం మిద్దె మీద ఎండలో కూర్చుని ఒంటి వేడి కొలుచుకోవాలని లెక్క వేసుకుంది. భర్త వన్నూరుస్వామికి చెప్పకుండా ఉండలేకపోయింది. అతను విద్యుత్ శాఖలో లైన్‌మన్. భోజనం చేస్తున్నవాడు చెయ్యి ఆపేశాడు.

"అనుమానం వచ్చింది ఎప్పుడు?"

"ఆదివారం."

"ఆ బోరు ఇంకా నడస్తాందా?"

"నడుస్తోంది. పరీక్ష అయ్యాక చెప్తాం కదా."

"ఈశ్వరీ, తీగ తెగిందేమో అని అనుమానమొస్తే మేం ఫస్టు లైను ఆపేస్తాం. ఊరంతా చీకటైనా సరే, ఎంత తిట్టినా సరే. ఆపినాక స్తంభం స్తంభం ఎక్కి వెతుకుతాం. మీరు లైను అట్లే పెట్టి వెతుకుతాండారు."

"నా మాటతో ఊరంతా నీళ్లు ఆపుకుంటారా? తర్వాత అది తప్పని తేలితే? ఇంకెప్పుడైనా నమ్ముతారా?"

"తప్పని తేలితే తిడతారు. అంతే గదా."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లింది. తెల్లవారి ఫోన్ చేతిలోకి తీసుకుని హనుమక్క నంబరు వెతికి, మళ్లీ పెట్టేసింది. ఇంకొక్క రోజే. చేతిలో కాగితం ఉంటే ఎవరూ కాదనలేరు. గురువారం ఆఫీసులో నాలుగుసార్లు లేచి వరండాలోకి వెళ్లింది. నాలుగుసార్లూ ఎందుకు వెళ్లిందో తెలియక వెనక్కొచ్చింది.

శుక్రవారం పన్నెండున్నరకు మిద్దె మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న వన్నూరుస్వామి గడియారం పట్టుకుని మెట్ల నీడలో నిలబడ్డాడు. మొదటి పది నిమిషాలు మామూలుగానే ఉంది. తర్వాత చెమట మొదలైంది. కనుబొమల మీదుగా, వీపు మీదుగా కారి పట్టా తడిసింది. వేడిగాలి కొట్టింది. మామూలుగా అయితే తడి ఒంటికి ఆ గాలి ఎంతో హాయి. ఇప్పుడు ఏమీ లేదు. గాలి తగిలినట్టే లేదు. ఒళ్లంతా వెచ్చటి నూనెగుడ్డలో చుట్టినట్టు ఉంది.

ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదిన్నర. ముప్పై తొమ్మిది. అంకెలు రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఒక కాకి అరుస్తోంది. అది ఎవరో తనను పిలుస్తున్నట్టు అనిపించి లేవబోయింది. ఆ తర్వాత గుర్తున్నది, భర్త చేతులు చంకల కింద పట్టుకుని ఈడ్చడం, బిందెల కొద్దీ చల్లటి నీళ్లు నెత్తిన కుమ్మరించడం.

"నలభై దాటింది," అన్నాడతను. "ముప్పై నిమిషాల్లో. సాల్నా నీకు రుజువు?"

స్పృహ కుదురుకున్నాక ఆమె మొదట చేసిన పని ఫోన్ తీయడం. అప్పుడు గమనించింది. గురువారం ఉదయం అంకె వచ్చింది. శుక్రవారం రాలేదు. ఐదు నెలలుగా ఒక్కరోజూ తప్పని అంకె. హనుమక్కకు ఫోన్ చేస్తే పక్కింటావిడ ఎత్తింది.

"మారెన్న పోయినాడు మ్మా. నిన్న మధ్యాన్నం. హామీ పనిలో గుంత తవ్వుతా తవ్వుతా పడిపోయినాడు. ఆస్పత్రికి ఎత్తకపోయేలోపలే... వడదెబ్బంట."

మరుసటి ఉదయం నల్లకుంటపల్లె బడి వరండాలో ఊరివాళ్లు చేరారు. చౌడేశ్వరి ఎవరి అనుమతీ తీసుకోలేదు. జీపు కూడా అడగలేదు. వన్నూరుస్వామి తన మోటారుసైకిల్ మీద తీసుకొచ్చాడు. దారిలోనే బోరు మోటారు తీగలు విప్పేసి, రెండు ట్యాంకర్ల నీళ్లు ఊళ్లోకి తెప్పించాడు. చౌడేశ్వరి అందరి ముందూ నిలబడి చెప్పింది. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడలేదో, కుక్కలు ఎందుకు చచ్చాయో, మారెన్న ఎందుకు పడిపోయాడో, ఊరివాళ్లు ఇంకా ఏడుగురు ఆస్పత్రిలో ఎందుకున్నారో. మంచినీళ్లు తాగుతూ నీడపట్టున ఉంటే మూడు వారాల్లో ఒంట్లోంచి పోతుందని చెప్పింది. చివరికి అసలు మాటకు వచ్చింది.

"చెరువులో సున్నం కలపాలి. సున్నంలో ఉండే కాల్షియం నీటి కణాలను తన చుట్టూ బలంగా లాక్కుంటుంది. చిటికెనవేళ్ల పట్టు దాని ముందు నిలవదు. ముడి విడిపోయి పొడి అడుగున పేరుకుపోతుంది. చేపలు చచ్చిపోతాయి. ఈ ఎండాకాలం ఆ నీళ్లు పైరుకు పనికిరావు."

సర్పంచి గంగులప్ప లేచాడు. పెద్ద మనిషి, అరవడం తెలియనివాడు. "మేడం, రెండు వందల ఎకరాల వరి పొట్ట మీద ఉండాది. ఇంగ ముప్పై దినాలు నీళ్లు పెడితే ఇంటికొస్తాది. ఆ నీళ్లు తాగం. మీరు సెప్పినట్లే ట్యాంకర్లు తెప్పించుకుంటాం. పైరుకు పెట్టుకోనీండి."

"పైరుకు పెట్టిన నీళ్లు మళ్లీ భూమిలోకే దిగుతాయి గంగులప్పా. ఆ ఇసుక పొర ఇక్కడితో ఆగదు. కింద ఆరు ఊళ్ల బోర్లు దాని మీదే ఉన్నాయి. ఇంకా మే నెల రాలేదు."

"ఎండకు సచ్చేది మాకు కొత్తా?" అన్నారెవరో వెనకనుంచి. "నీళ్లు ల్యాక సావల్యా?"

గొంతులు లేచాయి. పొడి తెచ్చిందీ నువ్వే, ఇప్పుడు పారబొయ్యమంటాండేదీ నువ్వే, అన్నారు. అన్నదంతా నిజమే. ఆమె అడ్డు చెప్పలేదు.

అప్పుడు గోడవార ఆడవాళ్ల మధ్య కూర్చున్న హనుమక్క లేచింది. రెండు రోజుల్లో మనిషి సగమైంది.

"నీకు ఎప్పుడు తెలిసె?"

చౌడేశ్వరికి చెప్పదగిన జవాబులు రెండున్నాయి. నిన్న మధ్యాహ్నం అంటే అది కూడా అబద్ధం కాదు. రుజువు దొరికింది నిన్ననే.

"ఆదివారం," అంది. "మీ ఇంట్లో నీళ్లు తాగినప్పుడే. ఖాయం చేసుకుని చెప్దామనుకున్నా."

"ఆయప్ప నీ ముందరే తాగినాడు గదా. చెంబెడు."

"తాగినాడు."

"సూస్తా ఉంటివి."

"చూస్తా ఉన్నా."

హనుమక్క ఆమె దగ్గరికి నడిచి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారు కొందరు. వన్నూరుస్వామి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. హనుమక్క సర్పంచి వైపు తిరిగింది.

"సున్నం తెప్పియ్యి గంగులన్నా."

"అమ్మీ, నీ రెండెకరాలు గూడా దాంట్లోనే..."

"ఉండనీ. కింద ఆరు ఊర్లలో గుంతలు తవ్వేటోళ్లు ల్యారా?" చౌడేశ్వరి వైపు వేలు చూపించింది. "ఈమె కోసరం సెప్పల్లేదు నేను. ఈమె మొగం నాకు సూడబుద్ధి కాల్యా. తెప్పియ్యి."

ఆ మధ్యాహ్నానికి ట్రాక్టర్లు వచ్చాయి. పదహారు ట్రాక్టర్ల సున్నం. మగవాళ్లు మూతులకు తువ్వాళ్లు కట్టుకుని, తెప్పల మీద మోసుకెళ్లి పారలతో చల్లారు. నీళ్లు తాకినచోటల్లా బుసబుసమని పొగ లేచింది. సాయంత్రానికి చెరువు తెల్లగా విరిగిన పాలలా అయింది. చేపలు పొట్టలు పైకి తిప్పుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒక ముసలాయన గట్టున కూర్చుని నోటికి పైపంచె అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చౌడేశ్వరి ప్రతి గంటకూ నీళ్లు పట్టి పరీక్షించింది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఎవరూ ఆపనూ లేదు. నాలుగో రోజుకు చెరువు నీళ్లు మళ్లీ మామూలుగా ఆవిరి కాసాగాయి, కానీ సున్నపు ఘాటుకు పైరుకు పనికిరాలేదు. పది రోజుల్లో రెండు వందల ఎకరాల పైరు గడ్డి రంగుకు తిరిగింది.

కేంద్రం ఆమెను ఉద్యోగం నుంచి తాత్కాలికంగా తప్పించింది. నలభై చెరువుల పని ఆగింది. పరాంకుశం గారు పైకి పంపిన నివేదికలో, తీవ్రమైన వడగాలుల వల్ల ఒక మరణం సంభవించిందనీ, పొడికీ దానికీ సంబంధం ఇంకా నిర్ధారణ కాలేదనీ రాశారు. దాని నకలు ఆయనే ఆమె ఇంటికి పంపించారు. ఎందుకు పంపారో ఆమెకు అర్థం కాలేదు. బహుశా ఆయన కూడా నిద్రపోవడం లేదేమో. విచారణకు కమిటీ వేశారు. ఎవరైనా వాంగ్మూలం ఇవ్వదలిస్తే రాసి ఇవ్వవచ్చన్నారు.

చౌడేశ్వరి రాసింది. రాసి, చించి, మళ్లీ రాసింది. చివరికి ఆరు పేజీలయింది. కమిటీకి ఇచ్చే ముందు నల్లకుంటపల్లె బస్సెక్కింది.

హనుమక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. చూసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. చౌడేశ్వరి గడప బయట నిలబడే చెప్పింది, ఇట్లా రాశానని, నువ్వు వినకుండా ఇవ్వలేనని.

"ఇంగిలీషులో రాసినావా?"

"తెలుగులోనే."

"సదువు."

చౌడేశ్వరి మెట్టు మీద కూర్చుంది. కాగితాలు తీసి మొదలుపెట్టింది. "మృతుడు మారెన్న, వయసు యాభై రెండు, దినకూలీ..."

చేట ఆగింది.

"కూలి అని ఎవురు సెప్పిరి?"

"హామీ పనిలో..."

"అది రెండేండ్ల నుంచి. బావుల పనుల్యాక ఆడికి పోయినాడు. దానికి ముందర ముప్పై ఏండ్లు బావులు తవ్వినాడు. ఈ సుట్టుపక్కల నూటా ఆరు బావులు. ఏ రాయి కింద నీళ్లుండాయో సెవి పెట్టి సెప్పేటోడు. బావులు తవ్వేటోడు అని రాయి."

చౌడేశ్వరి పెన్ను తీసి 'దినకూలీ' కొట్టేసింది. 'బావులు తవ్వే పనివాడు. నూటా ఆరు బావులు తవ్వాడు' అని పైన రాసింది. రాసింది సరిగా ఉందో లేదో చూడమని కాగితం చాచింది. హనుమక్క వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుని, తల ఊపింది.

"ఇంగ సదువు."

"ఏప్రిల్ మూడో ఆదివారం మధ్యాహ్నం నాకు అనుమానం కలిగింది. అప్పటికి మారెన్న నా ఎదుటే ఉన్నాడు. నేను..."

చౌడేశ్వరి పేజీ తిప్పబోయింది.

"దాటెయ్యొద్దు," అంది హనుమక్క. కందుల చేట పక్కన పెట్టి, వచ్చి, ఆమెకు ఎదురుగా నేల మీద చతికిలబడింది. "అది గూడా సదువు."

చౌడేశ్వరి చదివింది.